మంచు మాట వినే ఫోను

చాల్-అషూ కనుమలో మంచుచరియ విరిగి రోడ్డు మీద పడిన మధ్యాహ్నం పెరిజాత్ రాజధాని బిష్కెక్‌లో, ఆఫీసు కింది హోటల్లో, గిన్నెడు లగ్మాన్ నూడుల్స్ ముందు పెట్టుకుని కూర్చుంది. అప్పుడే ఫోను మోగింది. కనుమ మీద మంచు తోసే బండి నడిపే ఆమె పెదనాన్న కొడుకు ఓర్మోన్ బండితో సహా మంచు కింద పడిపోయాడని, పక్కన కూర్చున్న సహాయకుడు జపార్ కూడా అందులోనే ఉన్నాడని కబురు. గిన్నె అలాగే వదిలేసి ఆమె కనుమ బస్సెక్కింది.

ఆమె చేరేసరికి ఓర్మోన్‌ను పైకి తీశారు. అతని జేబులోని ఫోను దారి చూపింది. తోటి డ్రైవర్లు ఆ నంబరుకు కొడుతూనే ఉన్నారు, మిగతావాళ్ళు మంచుకు చెవులానించి విన్నారు. ఎక్కడో అడుగున పెళ్ళి పాట మోగింది. ఆ పాట ఎటు వినిపిస్తే అటు తవ్వారు. కాలు నుజ్జయింది కాని మనిషి బతికాడు. జపార్‌ను తీసేసరికి ఊపిరి లేదు.

ఆసుపత్రిలో ఓర్మోన్ కళ్ళు తెరిచాక పెరిజాత్ మంచం పక్కన నిలబడింది.

"వచ్చావా కంప్యూటరమ్మా! నీ మిషను ఆ రోజు ఏమైపోయింది? సెలవు పెట్టిందా?" అన్నాడు.

"నోర్మూసుకో బైకె, కుట్లు ఊడతాయి." బైకె అంటే వాళ్ళ మాటలో అన్న.

"కుట్లు కాలికేశారే, నోటికి కాదు." నవ్వబోయి గోడవైపు తిరిగిపోయాడు. "జపార్ గాడు పొద్దున బోర్సోకులు తెచ్చాడు. వాళ్ళావిడ బాత్మా వేయించిందట. సగం నా కోటు జేబులోనే ఉండిపోయాయి" అన్నాడు.

పెరిజాత్ ఏమీ అనలేదు. ఆమె మాట్లాడకుండా ఉంటే దగ్గరివాళ్ళు భయపడతారు. ఎందుకంటే మామూలుగా ఆ నోటికి తాళం ఉండదు. లెక్కల్లో పట్టా చేతికొచ్చిన ఏడే అప్పటిదాకా ఉన్న పెద్ద దేశం ముక్కలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళు దొర్దోయ్ బజారులో, సరుకులు మోసే పెద్ద ఇనప పెట్టెలో పెట్టిన దుకాణంలో నిలబడి చైనా చెప్పులమ్మింది. బేరాలు లేని గంటల్లో ఎవరో నకలు తీసిచ్చిన, జావా అనే కంప్యూటరు భాష పుస్తకం చదివింది. కొనేవాడు చెప్పు వాసన చూస్తే వాడి మూడు తరాలనూ తిట్టగలిగే నేర్పు అక్కడే అబ్బింది. తాగొచ్చి చెయ్యెత్తిన మొగుణ్ణి ఒక్క తన్నుతో వీధిలోకి పంపి మళ్ళీ పెళ్ళి మాటెత్తలేదు. చివరికి బిష్కెక్‌లో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం దొరికింది. కనుమ దగ్గరి రోడ్ల శాఖ కేంద్రంలో పెట్టిన మంచు హెచ్చరిక యంత్రానికి ప్రాణం పోసింది ఆమే.

ఆ ప్రోగ్రాము ఒక చట్రం మీద నిలబడింది. చట్రాన్ని జావాలో ఎవరెవరో దేశదేశాల వాళ్ళు కలిసి రాసి, కావలసినవాళ్ళు వాడుకోండని వదిలేశారు. దాన్ని పెరిజాత్ అద్దె కొంపతో పోల్చేది. గదికొకరు కాపురముంటారు. ఒకరు గాలి చూస్తారు, ఇంకొకరు మంచు మందం, మరొకరు సైరను మోగిస్తారు. ఒకరు చెడిపోతే వాళ్ళను మాత్రం ఖాళీ చేయించి కొత్తవాళ్ళను దింపొచ్చు. మిగతావాళ్ళకు నిద్రాభంగం కూడా ఉండదు. ప్రోగ్రాము ఆపి మళ్ళీ మొదలుపెట్టాల్సిన పని లేదు. నడుస్తున్న బండికి నడుస్తుండగానే చక్రం మార్చినట్టు.

ఆ చట్రమంతా కేంద్రంలోని బల్లకింద కంప్యూటర్లో ఉండేది. గాలినీ మంచునూ కొలవడానికి కొండ మీద నాటిన స్తంభాలు వేరు. వాటికి సొంత బ్యాటరీలు, ఎండ తాగే పలకలు, సిమ్ కార్డులు ఉన్నాయి. చరియ పడ్డ రోజు పొద్దుటి నుంచీ గాలి మళ్ళిందని, మంచు బరువెక్కుతోందని స్తంభాలు మెసేజ్ మీద మెసేజ్ పంపుతూనే ఉన్నాయి. వినాల్సిన కంప్యూటరు మాత్రం కరెంటు తీగ తెగి చచ్చిపడి ఉంది. కరెంటు పోతే ఆదుకోవాల్సిన పెద్ద బ్యాటరీ ముందు చలికాలమే ఉబ్బిపోయింది. మార్చమని పెరిజాత్ అడిగింది. వచ్చే ఏడు చూద్దామన్నారు.

"మన ప్రోగ్రాములో తప్పేమీ లేదు," అన్నాడు కంపెనీ డైరెక్టరు కెంజెబెక్, ఆసుపత్రి నుంచి వచ్చిన పెరిజాత్‌ను కూర్చోబెట్టి పియాలాలో టీ పోస్తూ. "తప్పు కరెంటుది. రోడ్ల శాఖకు అలాగే రాసి పంపేశాను."

"కరెంటుకి పెళ్ళాం పిల్లలున్నారా అగాయ్, శిక్ష వెయ్యడానికి?"

"అదేం మాట?" అగాయ్ అన్న గౌరవ పిలుపు అతని కోపాన్ని తగ్గించలేదు.

"జపార్‌కున్నారు. ఓర్మోన్ జేబులో ఉన్న ఫోను మంచు కింద కూడా మోగింది. మీ కంప్యూటరు పైన, గదిలో, పొయ్యి పక్కన పడుకుని చచ్చింది. ఆ చట్రాన్ని ఫోన్లోకి దింపుతాను. స్తంభాలు నేరుగా డ్రైవరు ఫోనుకే చెప్పాలి. మధ్యలో ఈ కంప్యూటరెందుకు?"

కెంజెబెక్ నవ్వాడు. "ఫోను పాటలు వినడానికమ్మా. అంత పెద్ద చట్రం దాంట్లో పడుతుందా? అయినా మనల్నెవరడిగారు?"

"పోయినోడు అడగలేడు కదా!" అని ఆమె టీ ముట్టకుండా లేచిపోయింది. ఆ దేశంలో పోసిన టీ తాగకుండా లేవడమంటే మొహాన కొట్టినంత పని.

వసంతంలో కెంజెబెక్‌కు ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. యూరప్ నుంచి వచ్చిన ఒక దాతల సంస్థ ఫోన్లతో చేసే పనులకు సాయం చేస్తామంది. మర్నాడే పెరిజాత్‌ను పిలిచి, "నీ ఫోను సంగతి మొదలుపెట్టు. శరదృతువులో అతిథులకు చూపించాలి," అన్నాడు, అదేదో తన కడుపులోంచి పుట్టిన ఆలోచనైనట్టు. పెరిజాత్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఊరుకుంది. పని జరిగితే చాలు.

పని మాత్రం ఆమె అనుకున్నంత సులువుగా సాగలేదు. పేరుకు ఆ ఫోన్లో కూడా జావానే. కాని కంప్యూటరు తినే రూపంలో పెడితే ఫోను నోట పెట్టుకోదు. ప్రతి ముక్కనూ ఫోను భాషలోకి మళ్ళీ మార్చాలి. అది చేసింది. మొత్తం ప్రోగ్రాము మొదట్లోనే ఒక మూటగా కట్టి ఇస్తే తీసుకుంటాను, నడుమ కొత్తవాళ్ళను ఇంట్లోకి రానివ్వనని మొండికేసింది ఫోను. కొత్తవాళ్ళు రాకపోతే ఇక అది అద్దె కొంపేమిటి, సమాధి. వాకిలి పగలగొట్టి ఇంకో వాకిలి పెట్టడానికి వేసవంతా పట్టింది. ఊళ్ళోవాళ్ళంతా ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డున ఎండ కాచుకుంటుంటే ఆమె కిటికీ తెరలు దించుకుని ఫోనును తిడుతూ కూర్చుంది.

పక్క బల్ల మీద పనిచేసే యూనుస్ దుంగన్ జాతి కుర్రాడు. కుర్రాడంటే ముప్పై దాటినవాడే, ఇంట్లో ఇద్దరు పిల్లలు. "ఎజె, ఫోనుకి చెవుల్లేవు. ఆ తిట్లు నాకు తగులుతున్నాయి," అనేవాడు, అక్కను పిలిచే పిలుపుతో.

"తగిలితే మంచిదే. నువ్వన్నా బాగుపడతావు."

అన్నిటికంటే పెద్ద పేచీ నిద్రతో వచ్చింది. తెర ఆరిపోయి కొంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే, ఈ ప్రోగ్రాము ఎవరికీ అక్కర్లేదని ఫోను తనకు తానే తేల్చుకుని దాని పీక నొక్కేసేది. బ్యాటరీ మిగల్చడానికట! గాలి చూసేవాడు, మంచు చూసేవాడు, సైరను వాడు, అందరూ ఒక్కసారి గాయబ్. తెర మీద మాత్రం అంతా చల్లగా ఉన్నట్టే కనిపించేది.

"చచ్చినా చచ్చినట్టు చెప్పదు ముండమోసింది!" అని ఒకరోజు ఫోను గోడకేసి కొట్టింది. యూనుస్ ముక్కలేరి బల్ల మీద పెట్టాడు.

"కంపెనీ ఫోను ఎజె అది."

"కంప్యూటరు చస్తే కనీసం తెర నల్లబడుతుంది రా. ఇది శవానికి రంగు పూసి కూర్చోబెడుతోంది. డ్రైవరు దీన్ని చూసి ఏమీ లేదనుకుని కనుమెక్కుతాడు. అప్పుడు మనం చంపినట్టు కాదూ?"

శరదృతువు వచ్చేసరికి చట్రం ఫోన్లో నడుస్తోంది. ముక్కలు మారుతున్నాయి, స్తంభాల మెసేజ్‌లు అందుతున్నాయి. నిద్ర జబ్బు మాత్రం పూర్తిగా కుదర్లేదు. ఇంకొంచెం గడువు కావాలని పెరిజాత్ అడిగింది. సరే, ఉన్నంతవరకు చూపిద్దాంలే అన్నాడు కెంజెబెక్. ఆ మాటలో మెత్తదనం చూసైనా ఆమెకు అనుమానం రావాల్సింది.

చూపించే రోజు హోటలు హాల్లో అతిథులు, రోడ్ల శాఖ వాళ్ళు, పత్రికల వాళ్ళు కూర్చున్నారు. కెంజెబెక్ ఎప్పుడూ పెట్టని తెల్ల కల్పాక్ టోపీ నెత్తిన పెట్టుకుని గుమ్మంలో చేతులు కలుపుతున్నాడు. ముందు వరుసలో చంకలో కర్ర పెట్టుకుని ఓర్మోన్. అతని పక్కన తలకు నల్ల గుడ్డ కట్టుకుని జపార్ భార్య బాత్మా. ఇద్దరినీ కారు పంపి రప్పించారు, అతిథుల గుండె కరగాలని. వాళ్ళను ఆ కుర్చీల్లో చూడగానే పెరిజాత్ ఒళ్ళు మండింది.

వేదిక మీదికి ఇవ్వాల్సిన ఫోను యూనుస్ చేతిలో ఉంది. అది ఆమె ప్రోగ్రాము ఉన్న ఫోను కాదు.

"ఇదేంటి రా?"

యూనుస్ తల దించుకున్నాడు. "అగాయ్ చెప్పాడు ఎజె. నీది మధ్యలో పడుకుంటే పరువు పోతుందని... ప్రోగ్రామంతా పక్క గదిలో కంప్యూటర్లో నడుస్తుంది. ఫోన్లో దాని బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. ఈ ఒక్క పూటకేనట."

"ఈ ఒక్క పూటకా? బొమ్మ చూపించి సాయం పట్టాక నిజంది ఎవడు చేస్తాడు? ఇదే బొమ్మ పట్టుకెళ్ళి డ్రైవర్ల చేతిలో పెడతాడు. నీకు తెలీదూ?"

"నాకు ఇద్దరు పిల్లలు ఎజె."

"జపార్‌కి ముగ్గురు."

అప్పటికే కెంజెబెక్ వేదికెక్కి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇది ఏ కంప్యూటరు మీదా ఆధారపడదని, కొండ మీద కరెంటు ఉన్నా లేకపోయినా డ్రైవరు అరచేతిలో పనిచేస్తుందని చెబుతున్నాడు. ఫోను తెరను వెనక గోడ మీద పెద్దగా చూపిస్తున్నారు. గాలి ముల్లు తిరుగుతోంది. అతిథులు తలలాడిస్తున్నారు. బాత్మా కళ్ళార్పకుండా గోడను చూస్తోంది. ఆ చూపును పెరిజాత్ తట్టుకోలేకపోయింది.

ఆమె పక్క గదిలోకి నడిచి, గోడకున్న ప్లగ్గు పట్టుకుని ఊడబెరికింది.

హాల్లో గాలి ముల్లు నిలిచిపోయింది. కెంజెబెక్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. వెనక్కి తిరిగి చూసి మాట మింగేశాడు. పెరిజాత్ ప్లగ్గు తీగ చేతికి చుట్టుకుని, తీగ కొస నేల మీద ఈడ్చుకుంటూ హాల్లోకి వచ్చింది.

"కొండ మీద కరెంటు పోయిందండీ," అంది అందరికీ వినబడేలా. "చూడండి, ఫోనేమంటోందో. ఏమీ అనడం లేదా? ఆ రోజు కూడా ఏమీ అనలేదు."

"పెరిజాత్! బయటికి నడు!"

"నడుస్తాను. చెప్పి నడుస్తాను. ఇది బొమ్మ. అసలుది నా సంచిలో ఉంది, దానికి ఇంకా జబ్బు తగ్గలేదు. జబ్బుందని చెప్పడానికి నాకు సిగ్గులేదు. చావు మీద ముగ్గేసి చూపించడానికి మీకూ లేదు." ఆమె బాత్మా వైపు చెయ్యి చూపింది. "ఆ చెల్లెల్ని ఇక్కడెందుకు కూర్చోబెట్టావ్ అగాయ్? అలంకారానికా?"

ముందు వరుసలో ఓర్మోన్ కర్ర ఊతంతో లేచాడు. "మా ఇంటి ఆడపిల్ల గొంతు కొంచెం పెద్దదే," అన్నాడు రోడ్ల శాఖ అధికారితో, "కాని ఇంతవరకు అబద్ధమాడగా నేను వినలేదు," అని బాత్మాను తీసుకుని బయటికి నడిచాడు.

ఆ సాయంత్రానికే పెరిజాత్ ఉద్యోగం పోయింది. కంపెనీ గుట్టు బయటపెట్టిందని, కంపెనీలో రాసిందేదీ వాడుకోకూడదని హెచ్చరించారు. బిష్కెక్‌లో అలాంటి కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందరూ కెంజెబెక్‌తో కలిసి ప్లోవ్ పులావు తినేవాళ్ళే. ఎక్కడా తలుపు తెరవలేదు. అతిథులు కూడా మొహం చాటేశారనుకుంటే పొరపాటు. "సాంకేతిక లోపం" అని ఒక మాట రాసుకుని మరుసటి ఏటి సాయం కెంజెబెక్‌కే ఇచ్చారు. ఆ వార్త చదివిన రోజు పెరిజాత్ వంటింట్లో పిండి పిసుకుతోంది. ఆ పిండిముద్దను బల్ల మీద వేసి బాదుతుంటే కింది అంతస్తు ముసలమ్మ పైకొచ్చి, "ఇల్లు కూలుస్తున్నావా తల్లీ?" అని అడిగింది.

కాని అప్పటికే పని ఆమె వంటింటి బల్ల మీద సాగుతోంది. చట్రం లోకమంతటిదీ, అది ఎవడి అబ్బ సొత్తూ కాదు. మంచు లెక్కలు చూసే ముక్కలు మాత్రం కంపెనీవి. వాటిని పక్కన పడేసి మొదటి అక్షరం నుంచి మళ్ళీ రాసింది. రాస్తుంటే పాతవాటికంటే బాగా కుదిరాయి, దానికీ కోపమొచ్చింది, ముందే ఇలా ఎందుకు రాయలేదని. నిద్ర జబ్బుకు చివరికి మందు దొరికింది. ప్రోగ్రాము దాక్కోకుండా తెర పైభాగాన ఎప్పుడూ ఒక గుర్తు పెట్టుకుని నేను మేలుకునే ఉన్నానని చెబితే ఫోను దాని జోలికి రావడం లేదు. ఆపైన ఇంకో కాపరిని దింపింది. వాడి పనల్లా మిగతావాళ్ళు బతికున్నారా అని చూడటమే. ఎవరైనా పలకకపోతే వాడు ఫోనును అరిపించాలి. కనీసం చచ్చినప్పుడు చచ్చానని చెప్పాలి, అదీ ఆమె పట్టుదల.

ఒకరోజు యూనుస్ గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో రొట్టెలు పట్టుకుని.

"దేనికొచ్చావు? ప్లగ్గు పెట్టడానికా?"

"సైరను ముక్క నేను రాస్తాను ఎజె. సాయంత్రాలు. అగాయ్‌కి తెలీకుండా."

"తెలీకుండా చేసే పనులే నీకు బాగా వచ్చు." ఆమె తలుపు మూయబోయింది. అతను కదల్లేదు. ఆమె రొట్టెలందుకుని, "చెప్పులు విప్పి రా. వంటిల్లు తుడిచాను," అంది. క్షమించానని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. సైరను మాత్రం అతనే రాశాడు.

కాలు కుంటుపడ్డ ఓర్మోన్‌కు బండి ఇవ్వలేదు, కేంద్రంలో డ్రైవర్లను పంపే పని ఇచ్చారు. అతను పై అధికారుల్ని అడక్కుండానే డ్రైవర్లందరి ఫోన్లలోకి ప్రోగ్రాము ఎక్కించాడు. చలికి బ్యాటరీ పడిపోకుండా ఫోను లోపలి చొక్కాకు కుట్టిన జేబులో, గుండె దగ్గర పెట్టుకోమన్నాడు.

ఆ చలికాలం మొదటి హెచ్చరిక వచ్చింది. బండ్లు వెనక్కి తిరిగాయి, రోడ్డు మూశారు. పొద్దంతా చూశారు. కొండ మీంచి గుప్పెడు మంచు కూడా జారలేదు. లారీల వాళ్ళు హారన్లు కొట్టి బూతులు లంకించుకున్నారు. ఓర్మోన్ ఫోను చేశాడు.

"ఏమే కంప్యూటరమ్మా! కిందటేడు మూగది, ఈ యేడు పిరికిదా? లారీ వాళ్ళు నా రెండో కాలు కూడా విరగ్గొట్టేట్టున్నారు."

"ఇంకో కాలున్నందుకు సంతోషించు. ఏ స్తంభం అరిచింది?"

"పై మలుపుది."

పై మలుపు స్తంభం దగ్గర గాలి కొండకు కొట్టుకుని సుడి తిరుగుతుంది. దాని మాటను మిగతా స్తంభాల మాటతో పోల్చకుండా నమ్మేసింది గాలి చూసే ముక్క. పెరిజాత్ దాన్ని సరిచేసి బిష్కెక్ నుంచే పంపింది. రోడ్డు మీద నడుస్తున్న బండ్లలో, డ్రైవర్ల చొక్కా జేబుల్లో, పాత అద్దెవాడు దిగిపోయి కొత్త అద్దెవాడు చేరాడు. ఎవరూ ఫోను ఆపలేదు, ఎవరికీ తెలియను కూడా లేదు. అంత కోపిష్టి మనిషీ ఆ క్షణం బల్ల మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

చలికాలం పోతూ పోతూ కరెంటు మళ్ళీ తెగింది. కేంద్రంలో దీపాలారిపోయిన తర్వాత డ్రైవర్ల గుండెల మీద ఫోన్లు అరిచాయి. ఓర్మోన్ బండ్లను వెనక్కి పిలిచాడు. ఒకడు గొణిగాడు, మరొకడు తిట్టాడు, అయినా తిరిగొచ్చారు. లారీలను కింది మలుపులోనే ఆపేశారు. ఆ తర్వాత చాల్-అషూ ఎడమ భుజం మీది మంచు మొత్తం ఊడి రోడ్డు మీద పడింది. దాని కింద ఒక్క మనిషి కూడా లేడు.

పత్రికలో మర్నాడు రాశారు, కొత్త ఫోను పథకం ప్రాణాలు కాపాడిందని. కెంజెబెక్ ఫోటో వేశారు, నెత్తిన తెల్ల కల్పాక్‌తో. అతని పథకం ఇంకా కాగితాలు కూడా దాటలేదు.

"పోయి కొట్టొస్తాను," అంది పెరిజాత్.

"కొట్టు. నా కర్ర తీసుకెళ్ళు," అన్నాడు ఓర్మోన్ ఫోన్లో. "కాని డ్రైవర్లకి తెలుసే, ఎవరిదో. ఇక్కడ దాన్ని పెరిజాత్ నోరు అంటున్నారు. జేబులోంచి అరిస్తే, లేవండ్రా ఆమె తిడుతోంది అని వెనక్కి తిరుగుతున్నారు."

ఆ వారమే ఆమె బాత్మా ఇంటికి వెళ్ళింది. పొగడ్త కోసం వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళిందో ఆమెకే సరిగ్గా తెలియదు. బాత్మా టీ పోసింది, మళ్ళీ మళ్ళీ పోయాలన్న అక్కడి మర్యాద ప్రకారం సగం పియాలా. పెరిజాత్ చెప్పిందంతా విన్నది.

"అంటే ఇప్పుడు పనిచేస్తోందన్నమాట."

"చేస్తోంది."

"చెయ్యొచ్చని అప్పుడు కూడా తెలుసా?"

"ఎవరమూ ఆలోచించలేదు."

"మావాడు చచ్చాక ఆలోచించారు," అంది బాత్మా. గొంతు పెంచలేదు. "అందరికీ మంచిదే. నాకు మాత్రం మీ ఫోను చూస్తే ఒళ్ళు మండుతుంది అక్కా. ఏమనుకోకు."

పెరిజాత్ అనుకోలేదు. ఆ కోపం ఆమెకు తెలిసిన భాషే. టీ పూర్తిగా తాగింది, రెండోసారి పోస్తే అదీ తాగింది. పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

ఇప్పుడు మరో రెండు కనుమల డ్రైవర్లు కూడా ఆ ప్రోగ్రాము వాడుతున్నారు. పెరిజాత్ వంటింట్లోనే పనిచేస్తుంది, ఊళ్ళో దుకాణాల లెక్కల ప్రోగ్రాములు రాసి పొట్ట పోసుకుంటుంది. ఏటా కొత్త రకం ఫోను వస్తుంది, ఏటా అది ఇంకో కొత్త నియమం పెట్టి, పనిలేకుండా మేలుకున్నవాళ్ళను చంపేస్తానంటుంది. ఏటా మొదటి మంచు పడకముందే ఆమె పాత వాకిలి మూసి మరో వాకిలి తెరవాలి. ఆ రోజుల్లో ఆ మేడ మెట్లెక్కేవాళ్ళకు మూడో అంతస్తు నుంచి తిట్లు వినిపిస్తాయి. అవి చాలా వరకు కొత్త ఫోనుకే. కొన్ని కెంజెబెక్‌కు. కింది అంతస్తు ముసలమ్మ మాత్రం అలవాటుపడిపోయి, "మంచు కాలం దగ్గరకొచ్చింది, బొగ్గులు తెప్పించాలి," అనుకుంటుంది.